రోజుకో వాషరు

మూడో నంబరు మహిళా హాస్టల్ గేటుకు ఆ నోటీసు అంటించింది సోమవారం పొద్దున పదకొండు గంటలకు. అంటించిన గుమాస్తా జిగురు సీసాకు మూత పెట్టి, సైకిలెక్కి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. బతకనేర్చినవాడు.

తాళాలగుత్తి నడుముకు దోపుకుని బయటికి వచ్చిన కేర్‌టేకరమ్మ కళ్లజోడు సర్దుకుని దాన్ని చదివింది. ఇంజినీరింగ్ విభాగం రికార్డుల ప్రకారం ఈ హాస్టల్లో గత పదకొండేళ్లలో ఒక్క కుళాయిల మీదే మూడు వేల రెండు వందల పద్నాలుగు ఫిర్యాదులు నమోదైనందున, భవనం నివాసయోగ్యం కాదని తేలినందున, దీన్ని మూసివేయుటకు నిర్ణయించడమైనది. విద్యార్థినులను ఒకటో నంబరు హాస్టల్‌కు, కేర్‌టేకర్‌ను నది అవతలి క్యాంపస్‌కు బదిలీ చేయడమైనది. అభ్యంతరాలు ఉన్నవారు పద్నాలుగో రోజున కమిటీ ముందు చెప్పుకోవచ్చును.

అంకె దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఒకసారి అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. ఆ మూడు వేల రెండు వందల పద్నాలుగు ఫిర్యాదులూ రాసింది ఆమే. వాటిలో నిజమైనది ఒక్కటే ఒక్కటి.

అసలు సంగతి చెప్పాలంటే ఆమె పేరు దగ్గర మొదలుపెట్టాలి. క్యాంపస్‌లో ఆమెను అందరూ నంబరమ్మ అంటారు. హాస్టల్ నియమావళిలో పదిహేడో నియమం ప్రకారం మగవాళ్లెవరూ గేటు దాటి లోపలికి రాకూడదు. మరమ్మతు పని మీద వచ్చేవాళ్లయితే ఫిర్యాదు నంబరు వేసిన జాబ్ కార్డు తేవాలి. ఒక నంబరుకు ఒక గంట. అంతకు మించి ఒక్క నిమిషం కూడా లోపల ఉండకూడదు. ఎలక్ట్రీషియన్ వచ్చినా, వడ్రంగి వచ్చినా ఆమె గేటు సందులోంచి అడిగే మొదటి మాట "నంబరుందా?" అనే. ఒకసారి వైస్ ఛాన్సలర్ గారే హాస్టల్ చూద్దామని వచ్చారు. ఆయన దగ్గర నంబరు లేదు. వచ్చిన దారినే వెళ్లారు.

ఇంత నిక్కచ్చి మనిషికీ ఒక మొగుడున్నాడు. అదే విశ్వవిద్యాలయంలో ప్లంబరు. ఏ పైపు దగ్గరికి వెళ్లినా ముందు తల పంకించి "వాషరు పోయింది" అంటాడు కాబట్టి ఆయన వాషరన్న అయ్యాడు. పదకొండేళ్ల కిందట మొగుడూ పెళ్లాలిద్దరికీ ఒకే నెలలో ఇక్కడ ఉద్యోగాలు వచ్చాయి. ఎగిరి గంతేశారు. గంతేసి కిందికి దిగాక తెలిసింది, కేర్‌టేకర్ రాత్రీ పగలూ హాస్టల్లోనే ఉండాలని, ఆమెకిచ్చిన గది గేటుకు లోపల ఉందని, నియమావళి దృష్టిలో మొగుడు కూడా మగవాడేనని.

ఆయనకు క్యాంపస్ ఆ చివర పనివాళ్ల షెడ్డులో మరో ముగ్గురితో కలిపి ఒక మంచం ఇచ్చారు. ఆమెకు నెలకు రెండు ఆదివారాలు సెలవు. ఆ రెండు ఆదివారాలూ ఇద్దరూ పార్కు బెంచీ మీద, కాలేజీ ఎగ్గొట్టిన జంటల మధ్య, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. ఒకసారి పార్కు కాపలావాడు దగ్గరికి వచ్చి, "మీ సంగతి ఇంట్లో తెలుసా?" అని అడిగాడు. మా ఇల్లే మాకు తెలియడం లేదు నాయనా అందామనుకుని నంబరమ్మ ఊరుకుంది.

ఉద్యోగంలో చేరిన రెండో నెలలో గేటు పక్కన ఒకటో నంబరు కుళాయి నిజంగానే కారింది. ఆమె ఫిర్యాదుల పుస్తకంలో రాసింది. మధ్యాహ్నం ఒంటిగంటకు జాబ్ కార్డు పట్టుకుని వాషరన్న వచ్చాడు. నంబరు చూసి ఆమె లోపలికి రానిచ్చింది. అయిదు నిమిషాల్లో పని అయిపోయింది. ఇంకా యాభై అయిదు నిమిషాల అనుమతి మిగిలింది, పొయ్యి మీద భోజనం వేడిగా ఉంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. రెండు నెలల తర్వాత అదే మొదటిసారి.

మర్నాడు పన్నెండున్నరకు ఆమె రెండో కుళాయి ముందు నిలబడి చాలాసేపు చూసింది. అది కారడం లేదు. అయినా పుస్తకం తెరిచి రాసింది. "రెండో కుళాయి. బొట్లు బొట్లుగా." ఒంటిగంటకు ఆయన వచ్చాడు. కుళాయి చూశాడు, ఆమె మొహం చూశాడు, తల పంకించి "వాషరు పోయింది" అన్నాడు.

అలా మొదలైంది. హాస్టల్లో నలభై రెండు కుళాయిలున్నాయి. ఏ కుళాయికీ అన్యాయం జరగకుండా ఆమె వరసగా రాసుకుంటూ పోయేది. నలభై రెండు అయ్యాక మళ్లీ ఒకటి. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు రోజుకో గంట కాపురం సాగింది. అయితే వాషరన్న పనిదొంగ కాడు. తిన్న తిండికి న్యాయం చేయాలని, ఆ రోజు ఏ కుళాయి పేరు రాశారో దాన్ని విప్పి, తుడిచి, మళ్లీ బిగించి వెళ్లేవాడు. వాషరు మాత్రం మార్చేవాడు కాదు, మార్చాల్సిన అవసరమే ఉండేది కాదు కనుక. కానీ స్టోర్స్‌లో ప్రతి జాబ్ కార్డుకూ ఒక వాషరు చేతిలో పెట్టేవారు. వెనక్కి ఇవ్వాలంటే "వాడకపోవడానికి కారణం" అనే గడి నింపాలి. ఆ గడిలో ఏం రాస్తాడు పాపం? అమ్ముకుందామంటే మనసొప్పదు. అందుకని ఆమె మంచం కింద బిస్కెట్ డబ్బాల్లో వేస్తూ వచ్చాడు. ఏడాదికో డబ్బా. మంచం కింద ఇప్పుడు పదకొండు డబ్బాలున్నాయి, పన్నెండోది మొన్ననే మొదలైంది.

ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు. ఇంజినీరు గారికి పైగా సంతోషం. ఫిర్యాదు వచ్చిన రోజే పరిష్కారం అని చెప్పుకోవడానికి మూడో హాస్టల్ తప్ప ఆయనకు ఇంకేదీ లేదు. మూడేళ్ల కిందట వాషరన్నకు ఉత్తమ కార్మికుడని షీల్డు కూడా ఇప్పించాడు. ఈ మధ్య వచ్చిన కొత్త రిజిస్ట్రారు గారు పాత పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించమనే దాకా ఆ ఫిర్యాదులు ఎన్ని ఉన్నాయో ఎవరూ కలిపి చూడలేదు. ఒకటో హాస్టల్‌వి పదకొండేళ్లలో అరవై మూడు. రెండోదానివి వంద చిల్లర. మూడోదానివి చూసి ఆయన కంప్యూటర్ చెడిపోయిందనుకున్నాడు.

ఆ సోమవారం కూడా ఒంటిగంటకు వాషరన్న గేటు దగ్గరికి వచ్చాడు.

"నంబరుందా?" అంది ఆమె, అలవాటు చొప్పున.

"ఉంది. ఇవాళ ఏ కుళాయి?"

"ఇరవై మూడోది. ముందు ఆ గేటుకున్న కాగితం చదివి రండి."

చదివి వచ్చి ఆయన పీట మీద కూలబడ్డాడు. పళ్లెంలో వడ్డించింది వడ్డించినట్టే ఉంది.

"రేపట్నించి రాయడం ఆపేస్తే?" అన్నాడు.

"పదకొండేళ్లు కారినవి నోటీసు చూసి భయపడి ఆగిపోయాయంటారా? ఇప్పుడు ఆపితే మనమే ఒప్పుకున్నట్టు."

"పోనీ నిజం చెప్పేస్తే?"

"మీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ పోతాయి. దొంగ జాబ్ కార్డుల మీద సంతకాలు మీవి."

ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నమాట. ఆయన కాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తే కుడి మీసం నములుతాడు.

"అయితే నోరు మూసుకుందాం. హాస్టల్ పోతే పోతుంది. నువ్వు నది అవతలికి వెళ్తావు. అక్కడా కుళాయిలుంటాయి."

"అక్కడ ప్లంబరు వేరే ఆయన," అంది నంబరమ్మ.

వాషరన్న పళ్లెం ముందు నుంచి లేచాడు. ఇరవై మూడో కుళాయి విప్పి, తుడిచి, బిగించి రెండింటికి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే కమిటీ తనిఖీకి వచ్చింది. పెద్ద మేడమ్ అధ్యక్షురాలు. రిటైరైన ప్రొఫెసరు, చేతికర్ర పట్టుకుని నడుస్తారు, ఎవరు మాట్లాడినా సగంలో "విషయం" అంటారు. ఆమె వెంట రిజిస్ట్రారు గారు, ఇంజినీరు గారు, చేతిలో చిన్న నోట్‌బుక్కుతో లెక్కల మేష్టారు. నంబరమ్మ నలుగురినీ నంబరు అడిగింది. మేడమ్ నోటీసు మీది ఫైలు నంబరు చదివి లోపలికి వచ్చారు.

నలభై రెండు కుళాయిలూ తిప్పి చూశారు. ఒక్కటి కూడా కారలేదు. తిప్పితే నీళ్లు, కట్టేస్తే లేవు.

"చూశారా మేడమ్, ఎన్నిసార్లు రిపేరు చేస్తే ఇలా ఉంటాయో," అన్నాడు ఇంజినీరు. "పైకి బాగానే కనిపిస్తాయి. లోపల పైపులు కుళ్లిపోయుంటాయి."

గోడ పగలగొట్టించారు. నంబరమ్మ పెంచి పెద్దచేసిన బిడ్డకు ఆపరేషన్ చేస్తున్నట్టు విలవిల్లాడిపోయింది. లోపల పైపులు నిగనిగలాడుతున్నాయి.

"మరి ఇవి కుళ్లలేదే?" అన్నారు మేడమ్.

"కుళ్లలేదంటే, ఏ క్షణమైనా కుళ్లొచ్చని అర్థం మేడమ్."

నంబరమ్మ ఇక ఉండబట్టలేక, "సార్, ఇంత బాగున్న హాస్టల్‌ని బాగాలేదని ఎలా అంటారు? మీ కళ్లతో చూశారు కదా," అంది.

రిజిస్ట్రారు గారు జాలిగా నవ్వారు. "కళ్లు పొరబడొచ్చు అమ్మా. రికార్డు అబద్ధం చెప్పదు."

లెక్కల మేష్టారు మాత్రం కుళాయిల నంబర్లు రాసుకుంటూ, నిండిపోయిన పాత ఫిర్యాదుల పుస్తకాలు రెండు రోజులు ఇస్తారా అని అడిగి, చంకలో పెట్టుకుని వెళ్లాడు.

హాస్టల్లో నూట నలభై మంది ఆడపిల్లలున్నారు. వాళ్లకు నాయకురాలు మూడో అంతస్తులో ఉండే ఒక లా విద్యార్థిని. లాయరు పిల్ల అంటారు. సబ్బు జారిపడినా ఎవరి బాధ్యతో తేల్చే రకం. ఆమె రెండు రోజుల్లో అందరి సంతకాలతో అర్జీ తయారుచేసి పట్టుకొచ్చింది.

"పెద్దమ్మా, మీరు కంగారు పడకండి. మేం చూసుకుంటాం. ఒకటో హాస్టల్లో మాకిచ్చిన గదులు చూసొచ్చారా? ఓసారి చూసి రండి. మీరు వచ్చేదాకా గేటు దగ్గర నేను కూర్చుంటాను, అందరినీ నంబరు అడుగుతాను."

నంబరమ్మ ఒకటో హాస్టల్‌కు వెళ్లింది. అరవై మూడు ఫిర్యాదుల హాస్టల్ కదా, అద్దంలా ఉంటుందనుకుంది. మెట్ల దగ్గరే కాలు జారింది. పై నుంచి నీళ్లు గోడ వెంబడి చిన్న వాగు పారినట్టు పారుతున్నాయి. స్నానాల గదిలో ఒక కుళాయికి గుడ్డ, ఒక కుళాయికి కర్రముక్క, ఒకదానికి ఎవరిదో పాత సాక్సు కట్టి ఉన్నాయి. ఒక పిల్ల గొడుగు వేసుకుని పళ్లు తోముకుంటోంది.

"ఇదేంటమ్మా, ఫిర్యాదు రాయలేదా?" అని అక్కడి కేర్‌టేకరును అడిగింది.

"మొదట్లో రాశానక్కా. అరవై సార్లు రాశాను. ఎప్పుడు అడిగినా ప్లంబరు మూడో హాస్టల్‌కి వెళ్లాడనేవాళ్లు. మీదేమో మరీ కష్టం కదా, రోజూ కారేది. మా వంతు ఎప్పుడొస్తుందిలే అని రాయడం మానేశాను." ఆమె గొంతులో కోపం కూడా లేదు. "రాయడం మానేశాక మాది మంచి హాస్టలని లెటరు వచ్చింది."

నంబరమ్మ వెనక్కి బయల్దేరింది. దారిపొడవునా ఆ గొడుగు పిల్లే కళ్ల ముందు మెదిలింది. తన గంట ఎవరి గంటలోంచి కోసుకుని తిన్నదో ఆమె పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. సిగ్గేసింది. ఉద్యోగం పోతుందన్న భయం కన్నా ఆ సిగ్గే ఎక్కువైంది.

మర్నాడు వాషరన్న వచ్చినప్పుడు ఆమె ఆ విషయం ఎత్తలేదు. విచారణలో ఒప్పుకుంటానంటే వద్దంటాడు. "ఒకటో హాస్టల్ వైపు ఎప్పుడైనా వెళ్లారా?" అని మాత్రం అడిగింది.

"నెలకోసారి. పొద్దంతా ఆఫీసులూ క్వార్టర్లూ, మిగిలిన గంట ఇక్కడ. ఎక్కడ కుదురుతుంది?" అన్నాడాయన. ఆమె ఇంకాస్త కూర వడ్డించింది.

పద్నాలుగో రోజు సోమవారమే. పది గంటలకు పరిపాలనా భవనంలో విచారణ. నూట నలభై మంది పిల్లలూ వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. సాక్షిగా పిలిచిన వాషరన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎందుకైనా మంచిదని షీల్డు కూడా పట్టుకొచ్చాడు. నంబరమ్మ ఒక తోపుడు బండి తోసుకుంటూ వచ్చింది. దాని మీద దుప్పటి కప్పి ఉంది. అది ఆమె మంచం మీది దుప్పటేనని గుర్తుపట్టి వాషరన్న మొహం పాలిపోయింది.

లెక్కల మేష్టారు బోర్డు మీద ఒక పెద్ద పటం తగిలించాడు.

"మేడమ్, ఈ కుళాయిలు చాలా క్రమశిక్షణ గలవి," అని మొదలుపెట్టాడు. "ఒకటోది, రెండోది, మూడోది, అలా నలభై రెండు దాకా వరస తప్పకుండా పాడవుతాయి. మళ్లీ ఒకటి. ఇప్పటికి డెబ్భై ఆరు చుట్లు పూర్తయ్యాయి. సరిగ్గా పన్నెండున్నరకు కారతాయి. ఆదివారం కారవు. సెలవు రోజున కారవు. ఆరేళ్ల కిందట పద్నాలుగు రోజుల పాటు ఒక్క చుక్క కారలేదు. వాకబు చేస్తే తెలిసింది, ఆ పద్నాలుగు రోజులూ ప్లంబరు గారు ఆపరేషనై ఆసుపత్రిలో..."

"మేష్టారూ, మీరు కష్టపడకండి. నేను చెప్తాను," అంటూ నంబరమ్మ లేచింది.

"నువ్వు కూర్చో," అన్నాడు వాషరన్న గబగబా. "మేడమ్, అవి నిజంగానే కారేవి. నేను చూశాను. వాషరు పోయింది."

"మీరు ఊరుకోండి," అని ఆమె దుప్పటి తీసింది. పన్నెండు బిస్కెట్ డబ్బాలు. ఒక్కొక్కటే ఎత్తి బల్ల మీద పెట్టి మూత తీసింది. నల్లటి రబ్బరు వాషర్లు. "మూడు వేల రెండు వందల ఇరవై అయిదు ఉన్నాయి మేడమ్. మొన్న శనివారం దాకా నేను రాసినవి మూడు వేల రెండు వందల ఇరవై ఆరు. ఒకటి నిజంగా వాడాం. మిగతావన్నీ అబద్ధాలు."

రిజిస్ట్రారు గారు ఒక డబ్బాలో వేలు పెట్టి తీశారు, అది కలా నిజమా అని తేల్చుకోవడానికి కాబోలు.

"విషయం," అన్నారు పెద్ద మేడమ్.

నంబరమ్మ చెప్పింది. ఉద్యోగాలు, గేటు, షెడ్డు, పార్కు బెంచీ, రెండో కుళాయి. దాచకుండా చెప్పింది. ఒకటో హాస్టల్లో గొడుగు పిల్ల సంగతి కూడా చెప్పింది. "నా మీద ఏం చర్య తీసుకున్నా తీసుకోండి. ఈ పిల్లల్ని అక్కడికి పంపకండి. అబద్ధం ఆడింది నేను, కుళాయిలు కావు."

"ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా?" అని మేడమ్ అడిగారు.

"తెలీదు మేడమ్. మేం చాలా జాగ్రత్తగా..."

వెనక నుంచి లాయరు పిల్ల చెయ్యెత్తింది. "మా అందరికీ తెలుసు మేడమ్. మా ముందు బ్యాచికి తెలుసు, వాళ్ల ముందు బ్యాచికి తెలుసు. కొత్తగా చేరిన ప్రతి అమ్మాయికీ మొదటి రోజే చెప్తాం. ఒంటిగంట నుంచి రెండింటి దాకా కింద వరండాలోకి ఎవరూ వెళ్లకూడదని." ఆమె నంబరమ్మ వైపు తిరిగింది. "పెద్దమ్మా, పదకొండేళ్లలో ఆ గంటలో ఒక్కరం కూడా మీ తలుపు కొట్టలేదు. ఎందుకనుకున్నారు?"

నంబరమ్మ నిజానికి మంచి క్రమశిక్షణ గల పిల్లలని అనుకుంది. ఇప్పుడు మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియక కొంగు సర్దుకుంది.

"ఒక గంట," అన్నారు మేడమ్. "ఆ గంటలో ఏం చేసేవారు?"

వెనక పిల్లలు కిసుక్కుమన్నారు. మేడమ్ కర్రతో నేల మీద కొట్టారు.

జవాబు వాషరన్న చెప్పాడు. షీల్డును రెండు చేతులా పట్టుకుని, "పావుగంట కుళాయి పని మేడమ్. అరగంట భోజనం."

"ఇంకో పావుగంట ఉందే?"

"ఊరికే కూర్చునేవాళ్లం మేడమ్."

తర్వాత రిజిస్ట్రారు గారు గొంతు సవరించుకుని, ఏది ఏమైనా పదిహేడో నియమం ఉల్లంఘన చాలా తీవ్రమైనదని, ఇద్దరినీ ఉద్యోగాల నుంచి తొలగించడం తప్ప దారి లేదని అన్నారు.

"ఆ నియమం ఎవరు రాశారో తెలుసా?" అన్నారు మేడమ్.

తెలియదన్నారు.

"నేను. ముప్పై నాలుగేళ్ల కిందట, కొత్తగా వార్డెన్ అయినప్పుడు. దొంగల్ని, తుంటరి కుర్రాళ్లని దృష్టిలో పెట్టుకుని రాశాను. కేర్‌టేకరుకు మొగుడుంటాడని నాకు తట్టలేదు." ఆమె కర్రను ఇంజినీరు వైపు తిప్పారు. "ఇంజినీరు గారూ, వీళ్లని తీసేస్తే కారణం రాయాలి. మూడు వేల పైచిలుకు లేని లీకులకు మీ విభాగం సంతకాలు పెట్టిందని, అందుకే షీల్డు ఇచ్చారని కూడా రాయాలి. రాద్దామా?"

ఇంజినీరు గారు అప్పటిదాకా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. హఠాత్తుగా ఆయన గుండె దయతో నిండిపోయింది. చిన్న పొరపాటుకు పెద్ద శిక్ష తగదని, తానెప్పుడూ కార్మికుల పక్షమేనని పది నిమిషాలు మాట్లాడాడు.

విశ్వవిద్యాలయం తన నిర్ణయాన్ని ఎప్పుడూ రద్దు చేసుకోదు, అలా చేసుకుంటే నామోషీ. అందుకని మూడో హాస్టల్ మూసివేత తదుపరి ఉత్తర్వుల వరకు వాయిదా పడింది. మొగుడూ పెళ్లాలిద్దరికీ చెరొక మెమో అందింది. వాషర్లన్నీ స్టోర్స్‌కు తిరిగి ఇచ్చేయాలి, షీల్డు కూడా. వాషరన్న ఇకపై రోజూ పొద్దున ముందుగా ఒకటో హాస్టల్‌కు వెళ్లాలి, అక్కడ చివరి కుళాయి ఆగేదాకా. ఇక పదిహేడో నియమం సంగతి. దాన్ని సవరించమని మేడమ్ ఆదేశిస్తే రిజిస్ట్రారు గారు మూడు రోజులు తల బద్దలు కొట్టుకుని ఒక వాక్యం చేర్చారు. "ఈ నియమం నిమిత్తం కేర్‌టేకర్ భర్తను మగవాడిగా పరిగణించరాదు."

ఆ ఉత్తర్వు చదివి క్యాంపస్ అంతా వారం రోజులు నవ్వింది. వాషరన్న పట్టించుకోలేదు. షెడ్డులోంచి ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని, ఉత్తర్వు కాగితం జేబులో పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. మగవాడు కాని ఆయన్ని నంబరమ్మ ఏ నంబరూ అడగకుండా లోపలికి రానిచ్చింది. ఆ సాయంత్రం పిల్లలు వరండాలో చప్పట్లు కొట్టారు.

రెండు నెలలు గడిచాయి. ఒకటో హాస్టల్లో గొడుగుల అవసరం తీరిపోయింది. ఇక్కడ మాత్రం రోజుకో కుళాయిని విప్పి, తుడిచి, బిగించేవాళ్లు లేరు కదా. ఒకనాడు నంబరమ్మ వంటింట్లో నలభై రెండో కుళాయి బొట్లు బొట్లుగా కారడం మొదలుపెట్టింది.

"ఏమండీ, కుళాయి కారుతోంది."

"వాషరు పోయింది," అన్నాడు ఆయన మంచం మీద నుంచి లేవకుండానే.

"అయితే మార్చండి."

"వాషర్లెక్కడివి? అన్నీ స్టోర్స్‌కి ఇచ్చేశాం కదా. రేపు చూద్దాంలే."

రేపు కాస్తా ఎల్లుండి అయింది. ఎల్లుండి కాస్తా వారం అయింది. ఆమె కుళాయి కింద గిన్నె పెట్టింది, తర్వాత బకెట్ పెట్టింది. రోజూ ఇంట్లో ఉండే మొగుడి చేత పని చేయించడం రోజుకో గంట వచ్చే మొగుడి చేత చేయించడం లాంటిది కాదని ఆమెకు పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లకు అర్థమైంది. ఎనిమిదో రోజు పొద్దున ఆయన పనికి వెళ్లాక, కమిటీ ఇచ్చిన కొత్త ఫిర్యాదుల పుస్తకం తెరిచింది. అందులో ఇంకా ఒక్క అక్షరమూ పడలేదు. మొదటి గీత మీద రాసింది. "కేర్‌టేకర్ గది, వంటింటి కుళాయి. వారం నుంచి కారుతున్నది. ఇది నిజం."

మధ్యాహ్నం ఒంటిగంటకు గేటు చప్పుడైంది. బయట వాషరన్న నిలబడి ఉన్నాడు. ఇంటికి రావడానికి ఆయనకు ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు, తలుపు తోసుకుని రావచ్చు. కానీ తోయకుండా నిలబడ్డాడు. ఒక చేతిలో జాబ్ కార్డు, ఇంకో చేతిలో చిన్న కాగితం పొట్లం.

ఆమె గేటు సందులోంచి చూసింది. నవ్వు వస్తున్నా ఆపుకుంది.

"నంబరుందా?"

"ఉంది," అన్నాడాయన కార్డు ఎత్తి చూపిస్తూ. "ఒకటి."

ఆమె గేటు తీసింది. వంటింట్లోంచి వచ్చే వాసనకు ఆయన అలవాటుగా పీట వైపు నడవబోయాడు.

"భోజనం తర్వాత. ముందు కుళాయి," అంది నంబరమ్మ.